పగ్గం ఎవరి చేతిలో?

ఈ శీర్షికలో ఇంతవరకు ఇంటి జమాఖర్చులు, పొదుపు, బీమా, వీలునామాల గురించి ముచ్చటించుకున్నాం. ఈసారి కొంచెం దారి మార్చి పొలం గట్టు మీదికి వెళదాం. కారణం లేకపోలేదు. బెంగళూరులో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో దేవనహళ్ళి, విజయపుర, దొడ్డబళ్ళాపురం వైపు ఒక తోటో, నాలుగు ఆవుల కొట్టమో ఉన్నవాళ్ళు తక్కువేమీ కాదు. కొందరిది తాతల నాటి భూమి. కొందరిది ఉద్యోగ విరమణ డబ్బు పెట్టి కొన్నది. వారిలో ఎవరిని కదిపినా చివరికి వచ్చే మాట ఒకటే. "తోట బాగానే ఉందండీ, చూసుకోవడమే కష్టమైపోతోంది. నేను దగ్గర లేకపోతే ఒక్క పనీ జరగదు."

ఆ మాట చెప్పేటప్పుడు గొంతులో అలసటతో పాటు కాస్త గర్వం కూడా వినిపిస్తుంది. "నేను లేకపోతే ఈ బ్రాంచి నడవదు" అనే మేనేజర్లను నేను చాలామందిని చూశాను. పై ఆఫీసువాళ్ళు ముందుగా కన్ను వేసేది అలాంటి బ్రాంచి మీదే! తోటకైనా అంతే. ఒక్క మనిషి లేకపోతే ఆగిపోయే తోట ఎంత పచ్చగా ఉన్నా దానికి ఏదో జబ్బు ఉన్నట్లే లెక్క.

వ్యవసాయం నా వృత్తి కాదు. కామర్సు చదువుకుని బ్యాంకులో చేరినవాణ్ణి. వ్యవసాయ రుణాల పని మీద ఈ చుట్టుపక్కల ఊళ్ళు తిరిగాను గనక కొట్టాలూ, పట్టుపురుగుల షెడ్లూ, ద్రాక్ష పందిళ్ళూ దగ్గరగా చూశాను. అప్పు తీర్చగలిగిన రైతుకూ, తీర్చలేక భూమి అమ్ముకున్న రైతుకూ మధ్య తేడా అన్నిసార్లూ వానలోనో ధరలోనో ఉండదు. పని ఒకరికి అప్పగించడం తెలిసిన ఇల్లు నిలబడుతుంది, తెలియని ఇల్లు అలసిపోతుంది. ఇది నేను గమనించిన విషయం.

ఇక్కడి కన్నడ రైతులు చెప్పే సామెత ఒకటి ఉంది. "తాను మాడిద్దు ఉత్తమ, మగ మాడిద్దు మధ్యమ, ఆళు మాడిద్దు హాళు." తాను చేసింది ఉత్తమం, కొడుకు చేసింది మధ్యమం, జీతగాడు చేసింది పాడు అని అర్థం. మన ఇళ్ళలోనూ పెద్దవాళ్ళు ఇదే భావాన్ని తెలుగులో చెబుతూనే ఉంటారు. ఈ సామెతతో నాకున్న పేచీ గురించే ఈ వ్యాసం.

ముందు ఊరి సంగతి రెండు మాటల్లో. దేవనహళ్ళి మనకు పరాయి ఊరు కాదు. హైదరాబాదు వెళ్ళే రాజమార్గం మీదిది. ఆ దారినే ఇంకాస్త ఉత్తరంగా పోతే చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, ఆ తర్వాత ఆంధ్ర సరిహద్దు. ఈ దారి పొడవునా ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే కుటుంబాలు కనిపిస్తాయి. 1501లో మల్ల బైరేగౌడ కట్టించిన మట్టికోట ఇక్కడిది. టిప్పు సుల్తాన్ పుట్టిన ఊరు కూడా ఇదే. దేవనహళ్ళి చకోతకూ, బెంగళూరు బ్లూ ద్రాక్షకూ భౌగోళిక గుర్తింపు ఉంది. వీటికి తోడు మల్బరీ, రాగి, ఇంటింటా పాడి.

2008 మేలో అంతర్జాతీయ విమానాశ్రయం తెరిచారు. అప్పటినుంచి భూమి ధర మారింది, కూలి ధర మారింది, కుర్రవాళ్ళ మనసూ మారింది. 2020లో కర్ణాటక భూసంస్కరణల చట్టాన్ని సవరించి, వ్యవసాయదారులు కానివారు సాగుభూమి కొనరాదన్న నిబంధనను తొలగించారు. దానితో ఆదివారం రైతులు పెరిగారు. మరోవైపు ఇదే తాలూకాలోని చన్నరాయపట్న హోబళి రైతులు తమ భూమి పోకూడదని మూడేళ్ళకు పైగా ఆందోళన చేశారు. 2025 జూలైలో ప్రభుత్వం ఆ 1,777 ఎకరాల సేకరణ ప్రతిపాదనను విరమించుకుంది. పోరాడి నిలబెట్టుకున్న భూమి అది. కానీ ఎవరూ అడగకుండానే, ఏ నోటీసూ రాకుండానే, "ఇక నా వల్ల కాదు" అని చేజారిపోయే భూమి కూడా ఉంది. దాని గురించి పత్రికల్లో రాదు.

పని వేరు, నిర్ణయం వేరు

ఆ సామెత పుట్టిన రోజుల్లో అందులో నిజం ఉండే ఉంటుంది. వానాధారంగా రాగి వేసేవారు. యజమానీ జీతగాడూ ఒకే పొలంలో, ఒకే ఎండలో ఉండేవారు. పని ఎక్కువ, తీసుకోవాల్సిన నిర్ణయాలు తక్కువ. కలుపు నాలుగు రోజులు ఆలస్యమైనా కొంప మునిగేది కాదు.

ఇప్పటి పాడీ, పట్టూ, ద్రాక్షా అలాంటివి కావు. వీటిలో నిర్ణయం గంటల మీద నడుస్తుంది. ఒక్క ఉదాహరణ చూడండి. ఆవు ఎదకు వస్తే ఆ లక్షణాలు కనిపించేది మహా అయితే పద్దెనిమిది గంటలు. పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది వేయించాలని పశువైద్యులు చెబుతారు. ఆ అదను తప్పితే మళ్ళీ 21 రోజులు ఆగాలి. రోజుకు మేతకూ దాణాకూ కలిపి 250 రూపాయలు అనుకుంటే, ఒక్క అదను తప్పినందుకు 5,250 రూపాయలు. ఈత ఆలస్యమై పోయే పాలు దీనికి అదనం.

ఇప్పుడు జరిగేది ఏమిటి? తెల్లవారి అయిదింటికి పాలు పితికే మనిషికి ఆవు అరవడం, మిగతా ఆవుల మీదికి ఎక్కడం కనబడుతుంది. ఏం చెయ్యాలో అతనికి తెలుసు. కానీ "నన్నడక్కుండా డాక్టర్ని పిలవొద్దు" అని యజమాని ఎప్పుడో చెప్పి ఉన్నాడు. యజమాని బెంగళూరులో ఉన్నాడు. ఫోను చూసుకునేసరికి పదకొండు. "సాయంత్రం నేనొచ్చి చూస్తా" అంటాడు. సాయంత్రం హెబ్బాళ దగ్గర వాహనాల రద్దీలో ఇరుక్కుంటాడు. మర్నాటికి ఆవు మామూలుగా మేస్తూ ఉంటుంది. "వీళ్ళకి ఏదీ పట్టదండీ" అని యజమాని మనతో వాపోతాడు.

ఇక్కడ పని అప్పగించారు గానీ నిర్ణయం అప్పగించలేదు. పేడ ఎత్తడం, గడ్డి కోయడం, పాలు పితకడం అప్పగిస్తే మనకు చేతులు మాత్రమే కలిసొస్తాయి. ఆ చేతులతో పాటు అక్కడ ఉన్న కళ్ళూ బుద్ధీ కూడా మనకు పనికిరావాలంటే కొంత అధికారం కూడా ఇవ్వాలి.

పొదుగువాపు సంగతీ అంతే. మొదటి రెండు ధారలు నల్లటి గిన్నెలో పిండి చూస్తే పాలలో గడ్డలు ఉన్నాయో లేవో అప్పుడే తెలుస్తుంది. అది తెలిసేది పితికే మనిషికి, తోట యజమానికి కాదు. పెందలాడే వైద్యం అందితే పొదుగు దక్కుతుంది. రెండు రోజులు ఆగితే ఒక చన్ను శాశ్వతంగా పోవచ్చు.

బ్యాంకు పుస్తకంలో ఉన్నది

మా వృత్తిలో అధికారాల పట్టిక అని ఒకటి ఉంటుంది. ఫలానా మొత్తం వరకు కౌంటరులో ఉన్న గుమాస్తాయే చెల్లించవచ్చు. అది దాటితే ఆఫీసరు సంతకం. అప్పు మంజూరులో ఇంతవరకు మేనేజరు, ఆపైన ప్రాంతీయ కార్యాలయం, ఇంకా పైన ప్రధాన కార్యాలయం. పరిమితి లోపల ఎవరూ ఎవరినీ అడగనక్కరలేదు. చేసిన పని మాత్రం పై అధికారికి తెలియజేయాలి. ఈ ఏర్పాటు లేకపోతే మీరు రెండువేల రూపాయలు తీసుకోవడానికి ముంబయిలో ఉన్న చైర్మన్ గారు నిద్ర లేవాలి!

ఈ పట్టికలో మూడు సూత్రాలు ఉన్నాయి. ఒకటి, పరిమితి స్పష్టంగా రాసి ఉండాలి. "నీకు తోచినట్లు చెయ్యి" అన్నది అధికారం ఇవ్వడం కాదు, రేపు తిట్టడానికి దారి ఉంచుకోవడం. రెండు, పరిమితి లోపల తీసుకున్న నిర్ణయం సరైన కారణంతో తీసుకున్నదైతే, ఫలితం బాగాలేకపోయినా ఆ మనిషిని నిలబెట్టాలి. మూడు, అధికారం ఎంత ఇచ్చినా జవాబుదారీ ఇచ్చినవాడిదే. కొట్టంలో తప్పు జరిగితే పాల సంఘం ముందు, బ్యాంకు ముందు నిలబడవలసింది యజమానే. అది తెలిసి ఇచ్చేవాడు ఎంత ఇవ్వాలో ఆలోచించి ఇస్తాడు.

మూడు కుప్పలు

తోట ఉన్నవాళ్ళకు నేను చెప్పే పద్ధతి చాలా చిన్నది. ఒక నెల రోజులు తోట నుంచి మీకు వచ్చిన ప్రతి ఫోనూ ఒక నోటుబుక్కులో రాయండి. ఏం అడిగారు, మీరేం చెప్పారు. నెలాఖరుకు ఆ పుస్తకం తిరగేస్తే ఒక విచిత్రం కనబడుతుంది. పదింటిలో ఏడింటికి మీరు చెప్పిన జవాబు "సరే, కానీ" అనే. అంటే ఆ ఏడూ అడగనక్కరలేని ప్రశ్నలు.

ఆ తర్వాత వాటిని మూడు కుప్పలు చెయ్యండి.

మొదటి కుప్ప: "చెయ్యి, చెప్పనక్కరలేదు." మేత వేళలు, కొట్టం శుభ్రం, ఏ మడిలో గడ్డి ముందు కోయాలి, గడ్డి కోసే యంత్రం కత్తికి సాన పట్టించడం, ఇలాంటివి.

రెండో కుప్ప: "చెయ్యి, ఆ రోజే చెప్పు." ఎదకు వచ్చిన ఆవుకు సూది, కడుపుబ్బరం వచ్చినా పొదుగు గట్టిపడినా డాక్టరును పిలవడం, దాణా అయిపోతే రెండు బస్తాలు తేవడం, బోరు మోటారు కాలిపోతే మెకానిక్కును పిలవడం.

మూడో కుప్ప: "ముందు అడుగు." ఆవునో దూడనో అమ్మడం, కొత్త మనిషిని పనిలో పెట్టడం, చెట్టు కొట్టడం, పంట మార్చడం, అప్పు మాట ఎత్తడం.

ఈ మూడింటినీ కాగితం మీద రాసి కొట్టం గోడకు అంటించండి. తోటలో ఉన్న దంపతులు మడకశిర నుంచో హిందూపురం నుంచో వచ్చినవాళ్ళయితే తెలుగులో, రాయచూరు నుంచి వచ్చినవాళ్ళయితే కన్నడంలో. చదువు రానివాళ్ళయితే వాళ్ళ నోట మీకు తిరిగి చెప్పించుకోండి. మనం చెప్పామా లేదా అన్నది ముఖ్యం కాదు, వాళ్ళకు చేరిందా లేదా అన్నదే ముఖ్యం.

రెండో కుప్పకు డబ్బు కావాలి. చేతిలో డబ్బు లేని అధికారం ఉత్త మాట. ఆఫీసుల్లో ఇంప్రెస్టు అనే పద్ధతి ఉంది. తోటలోని మనిషి దగ్గర ఒక మొత్తం, అయిదువేలు అనుకోండి, ఉంచాలి. ఖర్చు పెట్టినప్పుడల్లా చీటీ ఒక డబ్బాలో వెయ్యాలి. ఎప్పుడు చూసినా మిగిలిన డబ్బూ, చీటీల మొత్తమూ కలిపితే అయిదువేలే ఉండాలి. వారానికోసారి చీటీలు తీసుకుని అంత డబ్బు మళ్ళీ నింపాలి. ఇందులో అనుమానానికి చోటు లేదు, అవమానానికీ చోటు లేదు. "మొన్న ఇచ్చిన మూడొందలు ఏం చేశావ్?" అని అడగాల్సిన పని ఉండదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పశువుల బీమాకు ఆవు చెవికి వేసే పోగే ఆధారం. దురదృష్టవశాత్తూ ఆవు చనిపోతే పాతిపెట్టకముందే బీమా వారికి తెలపాలి, పశువైద్యుడి ధ్రువపత్రం తీసుకోవాలి. చెవిపోగు లేకపోతే క్లెయిము రాదు. ఇది యజమానికి తెలిస్తే చాలదు, తోటలో ఉన్న మనిషికి తెలియాలి. పాపం, యజమాని వచ్చేసరికి వాసన రాకూడదని మంచి ఉద్దేశంతో పాతిపెట్టేసి, బీమా పోగొట్టుకున్న ఇళ్ళు ఉన్నాయి. ఆ మనిషికి పని అప్పగించినవాళ్ళు దానికి కావలసిన విషయం అప్పగించలేదు.

పట్టు రైతు నేర్పే పాఠం

పని అప్పగించడం చిన్నతనం అనుకునేవాళ్ళు పట్టు రైతును చూడాలి. గుడ్డు నుంచి వచ్చిన పట్టుపురుగు మొదటి రెండు దశల్లో చాలా సున్నితం. వేడీ తేమా కాస్త అటూ ఇటూ అయితే పంటంతా దెబ్బతింటుంది. దీన్ని చాకీ అంటారు. ఒకప్పుడు రైతులు గుడ్లు తెచ్చుకుని ఇంట్లోనే చాకీ చేసుకునేవారు. ఆ తర్వాత ఆ పని కోసమే చాకీ కేంద్రాలు వచ్చాయి. పొర విడిచే దశను ఇక్కడి రైతులు జ్వరం అంటారు. రెండో జ్వరం దాటిన పురుగులను డబ్బిచ్చి తెచ్చుకుంటే మొదటి వారం గండం గడిచినట్లే.

అలా మిగిలిన శక్తిని రైతు ఎక్కడ పెడతాడు? ఆఖరి దశలో. పురుగు తన జీవితంలో తినే ఆకులో నూటికి 80 పాళ్ళకు పైగా అయిదో దశలోనే తింటుంది. అప్పుడు రాత్రీ పగలూ ఆకు అందాలి. చంద్రికల మీదికి ఎక్కించే వేళ ఇంటిల్లిపాదీ షెడ్డులోనే. ఎక్కడ తనకంటే మరొకరికి నేర్పు ఎక్కువో అక్కడ అప్పగించాడు, ఎక్కడ తాను ఉండి తీరాలో అక్కడ ఉన్నాడు. మల్బరీ తోట తనదే, గూళ్ళు తనవే, విజయపుర గూళ్ళ మార్కెట్టులో పాట తన పేరునే. అప్పగించినందువల్ల తగ్గిందేమీ లేదు.

పాడి రైతుకు అలాంటి పాఠం సహకార సంఘాలు చెప్పాయి. 1946లో గుజరాతులోని ఖేడా జిల్లా రైతులు త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో పాల సంఘం పెట్టుకున్నారు. 1949లో ఆనంద్ వచ్చిన వర్గీస్ కురియన్ కేరళకు చెందిన ఇంజనీరు, రైతు కాదు. సంఘానికి యజమానులు రైతులు. దాన్ని నడిపే బాధ్యత జీతానికి వచ్చిన నిపుణుడికి. అధ్యక్ష స్థానంలో ఉన్న పటేల్ తన పని తాను చేశారు, కురియన్ పని కురియన్‌ను చెయ్యనిచ్చారు. ఇవాళ మన కర్ణాటకలో నందిని పాలు ఇంటింటికీ వస్తున్నాయంటే ఆ ఆనంద్ పద్ధతి మూలంగానే.

సముద్రాలకు ఆవల చూసినా ఇదే కథ. అమెరికాలో ఉన్న మన పిల్లలు ర్యాంచ్ అనే మాట చెబుతుంటారు. టెక్సాసులో 1853లో రిచర్డ్ కింగ్ ప్రారంభించిన కింగ్ ర్యాంచ్ విస్తీర్ణం 8,25,000 ఎకరాలు, అంటే దేవనహళ్ళి ఉన్న మన జిల్లా మొత్తం కంటే ఎక్కువ. 1885లో కింగ్ చనిపోయాక ఆస్తి భార్య హెన్రియెట్టాకు వచ్చింది. ఆమె నిర్వహణను రాబర్ట్ క్లెబర్గ్ అనే న్యాయవాదికి అప్పగించింది. తర్వాత అతను ఆమె అల్లుడయ్యాడు. 1925లో కన్నుమూసేదాకా యజమానురాలు ఆమే. పశువుల పని మెక్సికో నుంచి వచ్చి అక్కడే స్థిరపడిన కాపరి కుటుంబాలు తరతరాలుగా చూశాయి. అంత నేలను ఏ యజమానీ ఒక్క రోజులో చుట్టి రాలేడు. నాలుగెకరాల తోటను చుట్టి రాగలం గనక మనకు అప్పగించడం అవసరం లేదనిపిస్తుంది, అంతే తేడా.

ఇంటి ఆడవాళ్ళ సంగతి

జీతగాళ్ళ గురించి ఇంత మాట్లాడుకుని, ఇంట్లో మనిషిని మరిచిపోతే అన్యాయం. మన చుట్టుపక్కల పాడి చాలావరకు ఆడవాళ్ళ రెక్కల మీద నడుస్తోంది. పాలు పితికేది ఆవిడ, కుడితి పెట్టేది ఆవిడ, దూడను చూసేది ఆవిడ. పాల సంఘంలో సభ్యత్వం మాత్రం ఆయన పేరున, బ్యాంకు పుస్తకం ఆయన జేబులో. అర్ధరాత్రి ఆవు ఈనడానికి కష్టపడుతుంటే డాక్టరును పిలవడానికి కూడా ఆయన అనుమతి కావాలి. ఆయన ఊరికి వెళ్ళి ఉంటే?

రుణాల బల్ల దగ్గర నేను చూసిన దృశ్యం ఒకటి చెబుతాను. ఆవుకు ఎన్నో ఈత, రోజుకు ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత అని అడిగితే భర్త తలతిప్పి భార్య వంక చూస్తాడు. జవాబులన్నీ ఆవిడే చెబుతుంది. చివరికి సంతకం దగ్గరకు వచ్చేసరికి ఆవిడ వెనక్కి జరుగుతుంది. ఇదెక్కడి న్యాయం? సంఘం సభ్యత్వం ఆవిడ పేరున ఉండనివ్వండి. పాల డబ్బు ఆవిడ ఖాతాలో పడనివ్వండి. పని ఎలాగూ ఆవిడదే, నిర్ణయం కూడా ఆవిడదైతే కొట్టం బాగుపడుతుంది.

కొద్దికొద్దిగా

అయితే రేపటినుంచే అంతా అప్పగించేయమంటారా అని అడగవచ్చు. అలా అనను. ఈ విషయంలో మనకు అయిదువందల ఏళ్ళ కిందటే సలహా చెప్పినవాడు శ్రీకృష్ణదేవరాయలు. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో యామునాచార్యుడు కొడుక్కు రాజనీతి బోధిస్తాడు. ఒకణ్ణి ఒక్కసారిగా పెద్ద పదవిలో కూర్చోబెట్టి తర్వాత తగ్గిస్తే, తాను మొదట ఎక్కడ ఉన్నాడో అతను తలచుకోడు, తగ్గించినందుకు పగ పెంచుకుంటాడు, కాబట్టి నడవడి చూసి క్రమంగా పెంచమని ఆ బోధనలో ఒక సలహా. సామ్రాజ్యం నడిపినవాడి మాట, నాలుగు ఆవులకూ సరిపోతుంది.

మొదటి మూడు నెలలూ మొదటి కుప్ప అప్పగించండి. అది కుదురుకున్నాక రెండో కుప్పలో ఒకటొకటి. ముందు డాక్టరును పిలవడం, తర్వాత దాణా కొనడం. ఇచ్చినదాన్ని చిన్న కారణానికి వెనక్కి లాక్కోవద్దు. లాక్కుంటే ఆ మనిషి ఇంకెప్పుడూ సొంతంగా నిర్ణయం తీసుకోడు. ప్రతిదానికీ ఫోను చేస్తాడు. మనం మళ్ళీ మొదటికే వస్తాం.

కొడుకుల విషయంలో ఇది మరీ ముఖ్యం. అడ్డాల నాడు బిడ్డలు గానీ గడ్డాల నాడు బిడ్డలా అంటారు. నలభై ఏళ్ళ కొడుకు, వ్యవసాయం అంటే ఇష్టం ఉన్నవాడు, డ్రిప్పు పైపు కొనడానికి అయిదు వందలు అడిగి నిలబడాలి. ద్రాక్షకు బూజు తెగులు మందు ఎప్పుడు కొట్టాలన్నా నాన్నగారు "చూద్దాం లే" అనాలి. వాన వెలిసిన తర్వాత తెగులు ఎవరి అనుమతీ అడగదు కదా! అలాంటి కొడుకు కొన్నాళ్ళు ఓపిక పట్టి, ఆ తర్వాత విమానాశ్రయం దగ్గర టాక్సీ కొనుక్కుంటాడు. అందులో స్టీరింగు తన చేతిలో ఉంటుంది. "మా వాడికి భూమి మీద మమకారం లేదండీ" అని తండ్రిగారు బాధపడతారు. మమకారం ఉంది. ఎకరం భూమి పూర్తిగా అతని చేతికి ఇచ్చి రెండు పంటలు నోరు మూసుకుని చూసి ఉంటే అది బయటపడేది.

తనిఖీ

అప్పగించాక చూడవద్దని కాదు. చూసే తీరు మారాలి. ఇప్పుడు చాలా తోటల్లో కెమెరాలు పెట్టారు. దొంగల భయానికి మంచిదే. కానీ ఆఫీసులో కూర్చుని ఫోనులో కెమెరా చూస్తూ "ఇందాక పది నిమిషాలు చెట్టు కింద కూర్చున్నావేం?" అని అడిగేవాళ్ళు తయారయ్యారు. ఆ మనిషి తెల్లవారి నాలుగింటికి లేచాడన్న సంగతి కెమెరాలో చూడలేదు. ఇలా అడిగితే మంచివాడు వెళ్ళిపోతాడు, కెమెరా ఎక్కడ చూడదో తెలిసినవాడు మిగులుతాడు.

మనిషిని కాదు, పనిని తనిఖీ చెయ్యండి. కొట్టంలో ఒక బోర్డు పెట్టి ప్రతి ఆవుకూ ఈనిన తేదీ, ఎదకు వచ్చిన తేదీ, సూది వేసిన తేదీ, రోజు పాలు రాయించండి. పాల సంఘం వారిచ్చే చీటీలో వెన్న శాతం ఉంటుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే కొట్టం సంగతి ఇంట్లో కూర్చుని చెప్పవచ్చు. రోజుకు ఒకే ఫోను, ఒకే వేళకు. ఆదివారం వెళ్ళినప్పుడు పెద్దపాలేరుతో చెప్పాల్సింది అతనికే చెప్పండి. అతన్ని దాటి కూలీలకు మీరే పురమాయిస్తే సోమవారం నుంచి అతని మాట వాళ్ళు వినరు.

బ్యాంకుల్లో ఇంకో ఏర్పాటు ఉంది. ముఖ్యమైన స్థానాల్లో ఉన్న ఉద్యోగి ఏడాదికోసారి, ముందుగా చెప్పకుండా, కనీసం పది పనిదినాలు వరుసగా సెలవులో ఉండాలని రిజర్వు బ్యాంకు 2021లో నిబంధన స్పష్టం చేసింది. ఆ రోజుల్లో అతని పని వేరొకరు చేస్తారు. అసలు ఉద్దేశం మోసాలు బయటపడటం. దానితో పాటు, ఏ పని ఒక్క మనిషి తలలోనే ఉండిపోయిందో కూడా బయటపడుతుంది. ఈ సెలవు తోట యజమానికి కూడా ఉండాలంటాను. ఏడాదికి పది రోజులు తిరుపతి వెళ్ళండి, మనవల దగ్గరికి వెళ్ళండి. తిరిగి వచ్చాక ఏది ఆగిపోయిందో చూసి ఆ ఒక్కదానికి ఏర్పాటు చెయ్యండి. ఏ మనిషికైనా ఒక జ్వరమో, కాలు విరగడమో తప్పదు. ఆ పరీక్ష ఆసుపత్రి మంచం మీద నుంచి రాయడం కంటే తిరుపతి నుంచి రాయడం మేలు.

చేతులు మారకూడనివి

చివరగా, బ్యాంకు ఉద్యోగిగా నా ధర్మం. ఎంత నమ్మకస్తుడికైనా కొన్ని ఇవ్వకూడదు. సంతకం చేసిన ఖాళీ చెక్కులు, కార్డు రహస్య సంఖ్య, ఫోను చెల్లింపుల పిన్ను, భూమి అసలు కాగితాలు. నిజంగా ఖాతా నడిపే అవసరం ఉంటే బ్యాంకుకు రాతపూర్వకంగా అధికారపత్రం ఇచ్చి, దానికి పరిమితి పెట్టండి. పురుగుమందుల అలమర తాళం ఎవరి దగ్గర ఉందో మీకు తెలిసి ఉండాలి. ఇవి ఇవ్వకపోవడం ఎదుటి మనిషిని అనుమానించడం కాదు. రేపు ఏదైనా జరిగితే నింద అతని మీద పడకుండా కాపాడటం. మా ఖజానా గదికి ఇద్దరి దగ్గర వేర్వేరు తాళంచెవులు ఉంటాయి. ఏ ఒక్కరూ ఒంటరిగా తెరవలేరు. ఆ ఇద్దరిలో ఏ ఒక్కరికీ అది అవమానంగా తోచదు.

మరొకటి కూడా చేతులు మారదు. అది మనం పనిని గౌరవించే తీరు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? కూలి డబ్బు చెప్పిన రోజున ఇవ్వని యజమాని దగ్గర ఆవుకు చెప్పిన వేళకు నీళ్ళు అందవు. కొట్టం బాగా నడిచిన ఏడాది పాల సంఘం బోనసు వస్తే అందులో కొంత, లేదా పుట్టిన దూడల్లో ఒకటి, ఆ కష్టం చేసిన ఇంటికి ఇచ్చి చూడండి. "మీ ఆవు" అనేవాళ్ళు "మన ఆవు" అనడం మొదలుపెడతారు.

ఈ సంచిక మీ చేతికి అందిన రోజునే నోటుబుక్కు మొదలుపెట్టండి. వచ్చే సంచిక అందేసరికి మూడు నెలల లెక్క మీ ముందు ఉంటుంది. అందులో "సరే, కానీ" అన్న జవాబులు ఎన్ని వచ్చాయో ఈ శీర్షికకు ఉత్తరం రాస్తే సంతోషిస్తాను. తోట లేనివాళ్ళు నొచ్చుకోనక్కరలేదు. వంటింట్లోనూ, దుకాణంలోనూ, మన సంఘం ఉగాది ఏర్పాట్లలోనూ ఈ మూడు కుప్పలూ పనికొస్తాయి. వచ్చేసారి పశువుల బీమా, పంట బీమా కాగితాలు ఎలా భద్రపరచుకోవాలో చూద్దాం.